బందరు ఎరుపులో స్త్రీల చేతులు

బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది. వలందులంటే డచ్చివాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టారు. ఫ్యాక్టరీ అంటే అప్పట్లో సరుకు తయారుచేసే చోటు కాదు, సరుకు కొని దాచి ఓడలకెక్కించే చోటు. గుడ్డలు కొన్నవాళ్ళ పేర్లు ఊరికి అలా అతుక్కుపోయాయి. మరి ఆ గుడ్డల్ని అద్దిన వాళ్ళ పేర్లేమయ్యాయి?

ఈ ప్రశ్న చాలాకాలంగా నాలో ఉంది. గుడివాడలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసే నా స్నేహితురాలు “పెడనలో మూడు రోజుల కలంకారీ వర్క్‌షాప్ ఉంది, రాకూడదుటే?” అని ఫోన్ చేసినప్పుడు బొమ్మలు వెయ్యడం రాకపోయినా బయల్దేరింది అందుకే. గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలు మార్గంలో, బందరుకి కొంచెం ఇవతలే పెడన. మచిలీపట్నం కలంకారీ అని మనం అనేదానికి ఇవాళ అసలు ఊరు ఇదే. 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరు మచిలీపట్నానిది, పని పెడనది.

వెళ్ళేముందు స్నేహితురాలు నన్ను గుడివాడలోని బౌద్ధస్తూపం దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళింది. దాన్ని లంజదిబ్బ అంటారు. భట్టిప్రోలు స్తూపానికీ అదే పేరు. ఆడదాన్ని తిట్టే మాట బౌద్ధ స్థలాలకి ఎలా అంటుకుందో చెప్పడానికి రకరకాల కథలున్నాయి. నాకు మాత్రం అమరావతి శిలాశాసనాలు గుర్తొచ్చాయి. వాటిలో భిక్షుణులూ, గృహిణులూ తమ పేర్లూ, తల్లుల పేర్లూ, కూతుళ్ళ పేర్లూ చెప్పుకుని రాతిపలకల్ని దానం చేశారు. రెండువేల ఏళ్ళ కిందట ఈ కృష్ణ ఒడ్డున ఆడవాళ్ళ పేర్లు రాతిమీదకి ఎక్కాయి. అయితే అవి దానం ఇచ్చిన వాళ్ళ పేర్లు. ఆ రాయిని చెక్కిన చేతుల పేర్లు అక్కడా అరుదే.

పెడనలో మేం పన్నెండు మందిమి. అందరం చదువుకున్న ఆడవాళ్ళమే, ఎక్కువమంది బెజవాడ, హైదరాబాదు వాళ్ళు. మొదటిరోజు అచ్చులు చూపించారు. టేకు చెక్కమీద చెక్కిన లతలూ, పువ్వులూ, చిలకలూ. వాటిలో పారశీక పోకడ స్పష్టంగా కనిపిస్తుంది. గోల్కొండ నవాబుల కాలంలో ఈ రేవు నుంచి పర్షియాకి సరుకు విరివిగా వెళ్ళేది. కలంకారీ అన్న మాట కూడా పారశీకమే. మన మాట అద్దకం.

ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా నాకు రెండోరోజు గానీ బోధపడలేదు. గుడ్డని పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండకట్టి, కరక్కాయ రసంలో ముంచి ఆరేస్తారు. ఇనపముక్కలూ బెల్లమూ కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళతో నల్లగీత అద్దుతారు. ఎరుపు రావలసిన చోట అద్దేది ఎరుపు కాదు, పటిక! అచ్చుతో గానీ కలంతో గానీ పెట్టేది కంటికి సరిగ్గా ఆనని ద్రావణం. తర్వాత గుడ్డని కాలవలో పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగి డేగిసాలో వేరో చెక్కో వేసి, జాజి ఆకు కలిపి ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పుడుతుంది. మిగిలిన చోట అంటిన మసక రంగుని మళ్ళీ పేడనీళ్ళతో, ఎండతో వదిలిస్తారు. అంటే కలం గుర్తు పెడుతుంది, అంతే. రంగు పుట్టేది పొయ్యిమీద, నిలబడేది కాలవలో. కలంకారీ అని పేరు పెట్టినప్పుడే కలం పట్టినవాడికి కళాకారుడి పేరు దక్కిపోయింది. పొయ్యి దగ్గరున్న మనిషి ఆ పేరులో లేదు.

మేం వెళ్ళిన షెడ్డులో అచ్చులు వేసే బల్లల దగ్గర ఎక్కువమంది మగవాళ్ళే. కరక్కాయ దంచడం, ఉడకబెట్టడంలో సాయం, జాడించడం, గంజి పెట్టడం, ఆరెయ్యడం, చివర్లో పసుపు నింపడం ఆడవాళ్ళ పని. డేగిసా దగ్గర ఒక పెద్దావిడ కర్రతో గుడ్డల్ని తిప్పుతూ ఉంది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తోందట. “ఎరుపు ఊరికే రాదమ్మా. మంట పెద్దదైతే కందిపోద్ది, చిన్నదైతే పాలిపోద్ది. చూస్తే తెలిసిపోద్ది” అంది. ఎలా తెలుస్తుందని మాలో ఒకరు అడిగితే, “అన్నం ఉడికిందని మీకెలా తెలుస్తదండీ?” అంది. మేం నోట్సు రాసుకున్నాం.

ఆ ఎరుపు కోసమే ఒకప్పుడు ప్రపంచం కొట్టుకుంది. పాత రోజుల్లో ఆ డేగిసాలో వేసింది చిరివేరు, అంటే సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్నమొక్క వేరు. నేలలో గవ్వల సున్నం ఎంత ఉంటే ఎరుపు అంత చిక్కగా వస్తుంది. కృష్ణా ముఖద్వారానికి రెండువైపులా ఉన్న తీరం ఈ వేరుకి పెట్టింది పేరు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ ఈ తీరపు అద్దకాన్నీ, పెటపోలి దగ్గర దొరికే వేరునీ మెచ్చుకుని రాశాడు. పెటపోలి అంటే ఇప్పటి నిజాంపట్నం. ఈ గుడ్డలు యూరపు ఆడవాళ్ళని ఎంతగా పట్టుకున్నాయంటే, అక్కడి నేత పరిశ్రమని కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లోనే వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకటి, 1721లో ఇంకొకటి చట్టం చేసింది. లండను వీధుల్లో చీటీగుడ్డ గౌను వేసుకున్న ఆడవాళ్ళ బట్టల్ని నేతగాళ్ళు చింపేసిన సంఘటనలు ఉన్నాయి. పోటీ వర్తకుల మధ్య, చింపింది మాత్రం ఆడవాళ్ళ ఒంటిమీది బట్టని.

యూరపుకి వేరే ఎరుపు లేక కాదు. స్పెయిన్‌వాళ్ళు మెక్సికో నుంచి కొచినీల్ తెచ్చుకున్నారు. అది నాగజెముడు మీద బతికే చిన్న పురుగు. దాన్ని పెంచి, ఏరి, ఎండబెట్టింది అక్కడి ఆదివాసీ కుటుంబాలు, ఆడవాళ్ళూ పిల్లలతో సహా. లాభం సెవిల్ రేవుకి చేరింది. ఆ ఎరుపు ఉన్నికీ పట్టుకీ బాగా పడుతుంది, నూలుకి అంతగా పట్టదు. నూలుమీద నిలిచే ఎరుపు రహస్యం చిరివేరు వాళ్ళ దగ్గరుంది. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కూడా కొచినీల్ పెంచాలని నాగజెముడు తోటలు వేయించింది. అది కలిసిరాలేదు. చివరికి చిరివేరుని దెబ్బతీసింది జర్మనీ ప్రయోగశాల. 1860ల చివర అక్కడ కృత్రిమ అలిజరిన్ తయారైంది, వేరు తవ్వే పనికి కాలం చెల్లింది. ఇప్పుడు పెడనలో చాలా డేగిసాల్లో ఉడికేది అలిజరినే. సహజరంగులన్న చీటీ కింద అది కూడా అమ్ముడుపోతుంది, మనం కొంటాం.

అంతకుముందే 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరుని ముంచింది. ముప్ఫై వేల మంది దాకా పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమ వంతు. అధికారిక లెక్కే పదివేలు. నా స్నేహితురాలి పుట్టిల్లు కోడూరు దగ్గర. వాళ్ళమ్మ చీర తుమ్మకంపకి చిక్కుకోవడం వల్ల కొట్టుకుపోకుండా మిగిలిందట. ఆ చీర చాలా ఏళ్ళు పెట్టెలో దాచుకుంది. అది అద్దకపు చీరేమీ కాదు, మామూలు ముతక చీర. మ్యూజియంలో పెట్టే గుడ్డలకీ, ఇలాంటి గుడ్డలకీ చరిత్ర ఒకే లెక్క ఎందుకు వెయ్యదో మేం ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

తెలుగులో స్త్రీల చరిత్ర రాసిన తొలి మనిషి భండారు అచ్చమాంబ అప్పటి కృష్ణా జిల్లా మనిషే. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది కూడా బందరులోనే. ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది స్త్రీలకి చరిత్ర లేదన్నవాళ్ళకి జవాబుగా. ఆ జవాబుకి పేరు దొరికిన స్త్రీలు కావలసొచ్చారు. అది ఆ కాలపు అవసరం, నేను తప్పు పట్టను. కానీ ఆ సమాజం పుట్టిన ఊళ్ళోనే గుడ్డలు ఉడికిస్తూ జాడిస్తూ ఉన్న స్త్రీల కోసం మనం ఇంకో రకం పుస్తకం రాయాలి. వాళ్ళని వెతకవలసింది రాజశాసనాల్లో, కంపెనీ లెక్కల్లో కాదు. మంట ఎంత ఉండాలో అత్త దగ్గర కోడలు నేర్చుకున్న ఆ తెలివిలో వెతకాలి.

మూడోరోజు ఆ పెద్దావిడని ఈ పని ఎవరు నేర్పారని అడిగాను. అత్తగారు, ఆమె ఆడబిడ్డ, పక్కింటి ఇంకో ఇద్దరు, అని నాలుగు పేర్లు చెప్పింది. ఆవిడకి చేతివృత్తి కళాకారుల కార్డు లేదు. అడిగితే, అచ్చు వేసేవాళ్ళకే ఇస్తారు, నీది కూలిపని అన్నారట. మీ పేరూ, వాళ్ళ పేర్లూ పత్రికలో రాస్తానన్నాను.

“రాస్తే కార్డు ఇస్తారా?”

నేను ఏదో చెప్పబోయేలోపే కాలవ దగ్గర్నించి కేక వినిపించింది. నీళ్ళు తగ్గుతున్నాయట, మిగిలిన గుడ్డలు జాడించెయ్యాలి. పేర్లు వద్దులెమ్మని చెప్పి, తడిబట్టల మూట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.