జలాంతర్గామి నౌకల తొలిచరిత్రము

జలాంతర్గామి యను పదమున గమనమే వ్యక్తమగుచున్నది. పునరాగమనము వ్యక్తము కాదు. ఈ నౌకల తొలిచరిత్రమున దుష్కరమైనదియు నదియే.

అమెరికా యంతర్యుద్ధమున దక్షిణపక్షమువారి హన్లీనౌక యిందుకు నిదర్శనము. ఆ యినుపయోడలో నేడ్వురు చేతులతో నిరుసును ద్రిప్పఁగా వెనుకటి ఱెక్కలు తిరిగెడివి; ఎనిమిదవవాఁడు చుక్కానిఁ బట్టెడివాఁడు. ముందువెనుకల తొట్లలో నీరు నింపిన మునుఁగును; తోడివేసినఁ దేలును. 1863లో నిది రెండుమాఱులు మునిఁగి పదుమువ్వురు మృతులైరి. దీనికి ధనసాహాయ్యము చేసిన హొరేసు హన్లీయు వారిలో నొకఁడు. 1864 ఫిబ్రవరి 17వ తేదిని చార్లెస్టను రేవుకడ హౌసటానిక్ అను శత్రునౌకను ముంచి, తానును మరలిరాదయ్యెను. లోపలి యెనమండ్రును మడిసిరి.

1900లో అమెరికా నౌకాదళము కొనిన హాలండునౌకకు నీటిపైఁ బెట్రోలుయంత్రమును, నీటిలో విద్యుద్యంత్రమును గలవు. విద్యుద్యంత్రము నావికుల శ్వాసవాయువును హరింపదు. చేతిశ్రమమో, దానిని త్వరగాఁ దఱుగఁజేయును. గమనమునకుఁ బునరాగమనము తోడగుట కీ భేదమును నొక కారణము.

హన్లీనౌక 2000లోఁ బైకిఁ దీయఁబడినది. దాని పునరాగమనమునకు నూటముప్పదియాఱేండ్లు పట్టెను.