గడ్డిలో దొరికిన గద్దల లెక్క

వలస గద్దల్ని లెక్కపెట్టాలంటే ముందు అవి ఒక దారికి రావాలి. ఆ పని కొండలు చేసిపెడతాయి. వాలుకు తగిలిన గాలి పైకి లేస్తుంది, పెద్ద రెక్కల పక్షులు దాని మీద ఒళ్లు అలవకుండా తేలుతూ పోతాయి. శిఖరం మీద కూర్చున్న మనిషికి లెక్క సులువు. మన పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు అలాంటి కొండల బారు లేదు. పొగగొట్టాలున్నాయి గానీ వాటి మీద తేలే గద్దలు ఊరి గద్దలే.

ఈ లెక్క ఒక అలవాటుగా మొదలైంది అమెరికాలో. పెన్సిల్వేనియా ప్రభుత్వం గోస్‌హాక్ అనే డేగను చంపి తెస్తే 5 డాలర్లు ఇచ్చే రోజులవి. 1932లో రిచర్డ్ పో అనే యువకుడు అక్కడి ఒక కొండ మీద చచ్చిపడిన డేగల్ని నేల మీద వరసగా పేర్చి ఫొటోలు తీశాడు. ఆ సంగతి తెలిసి రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ 1934లో కొండనే లీజుకు తీసుకుని, మారిస్ బ్రౌన్ దంపతుల్ని కాపలాకు పెట్టింది. వేటగాళ్లను ఆపడం బ్రౌన్ ఉద్యోగం, పోయే పక్షినల్లా పుస్తకంలో రాసుకోవడం అతని పిచ్చి. పాతికేళ్లకు పైగా గడిచాక ఆ పిచ్చి పనికొచ్చింది. 1935-39 మధ్య అతను చూసిన బాల్డ్ ఈగిల్స్‌లో 40 శాతం ఆ ఏటి పిల్లలు. 1955-59కి 20 శాతమే. డీడీటీ అనే పురుగుమందు చేసే చేటు గురించి చెబుతూ రేచల్ కార్సన్ 1962లో 'సైలెంట్ స్ప్రింగ్'లో చూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి.

మన దేశంలో కొండ లెక్క హిమాలయాలది. అక్కడ డేగలు తూర్పు పడమరలుగా వలస పోతాయని రాబర్ట్ ఫ్లెమింగ్ 1983లో రాశాడు. 2001 శరదృతువులో ధర్మశాల దగ్గర యాన్ విలెం డెన్ బెస్టెన్ స్టెప్ ఈగిల్స్‌నే ఎనిమిది వేలకు పైగా లెక్కపెట్టాడు.

మన దక్కనుకు వచ్చే ముఖ్య అతిథులు వేరు. పిల్లిగద్దలు, అంటే హ్యారియర్లు. కజకిస్తాన్ గడ్డి మైదానాల వైపు నుంచి సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఇవి పైగాలి కోసం పడిగాపులు కాయవు, రెక్కలు కొట్టుకుంటూ ఎటు పడితే అటు వచ్చేస్తాయి. ఆకాశంలో వీటిని లెక్కపెట్టబోతే దొరకవు. పగలంతా చేల మీద ఒంటరిగా, నేలకు ఆనుకున్నట్టు ఎగురుతూ మిడతల్నీ ఎలుకల్నీ చిన్న పిట్టల్నీ పట్టుకుంటాయి.

కిటుకు వాటి నిద్రలో ఉంది. చెట్టెక్కవు. పొద్దుగూకే వేళకు నలుదిక్కుల నుంచీ ఒకే గడ్డిబీటికి చేరి నేల మీదే పడుకుంటాయి. కొండ చేసే పనిని ఇక్కడ గడ్డి చేస్తుందన్నమాట. గుజరాత్ వేలవదర్‌లో రోజర్ క్లార్క్, విభు ప్రకాశ్ బృందం ఇలాగే లెక్కపెట్టి, ప్రపంచంలోనే అతి పెద్ద హ్యారియర్ మకాం అదని 1998లో 'ఫోర్క్‌టెయిల్' పత్రికలో ప్రకటించింది. తెలుగు నేల మీద ఆ చోటు కర్నూలు వైపు రోళ్లపాడు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అక్కడికి వెళ్లింది బట్టమేక పిట్ట కోసం, 1988లో అభయారణ్యం వెలిసిందీ దాని కోసమే. గడ్డిలో పడుకునే గద్దల లెక్క కొసరుగా దొరికింది. నా మటుకు ఆ కొసరే అసలు కంటే ఎక్కువ రోజులు పనికొచ్చింది. ఎందుకంటే బెంగళూరు ఏట్రీ సంస్థకు చెందిన టి. గణేష్, ఎం.బి. ప్రశాంత్ దేశంలోని ఇలాంటి పాత లెక్కలన్నీ పోగేసి చూశారు. చలికాలం గడపడానికి వచ్చే హ్యారియర్లు ముప్ఫై ఏళ్లలో తగ్గినట్టుందని 2018లో 'ఆర్డియా' పత్రికలో రాశారు. పాత చిట్టాలు లేకపోతే తగ్గాయో లేదో పోల్చడానికి ఏమీ ఉండేది కాదు.

పటాన్‌చెరులో 1972లో వచ్చిన ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ పొలాలు ఫ్యాక్టరీల మధ్య మిగిలిన పెద్ద మైదానం. జొన్న, కంది, శనగ మళ్ల మీద చలికాలం పిల్లిగద్దలు కనబడతాయి. చెరువు అంచున తిరిగేది మార్ష్ హ్యారియర్, పొడి చేల మీద తేలేవి పాలిడ్, మాంటేగూ. ఇక్కడ పగటిపూట చూసి రాసుకున్నది మాత్రం జాబితాకే గాని లెక్కకు పనికిరాదు. ఒకే పక్షి మూడు మళ్ల మీద మూడుగా కనబడుతుంది.

సాయంత్రం లెక్కకూ చిక్కులున్నాయి. పొద్దు గుంకడానికి గంట ముందే చేరాలి. మనిషికో దిక్కు పంచుకుని, వచ్చిన పక్షిని టైముతో సహా రాసుకోవాలి. అవి నేరుగా గడ్డిలో దిగవు. పక్కనున్న దున్నిన చేలో కాసేపు కూర్చుంటాయి, మళ్లీ లేస్తాయి, అక్కడే రెండుసార్లు లెక్కలో పడతాయి. అందుకే కొందరు తెల్లవారుజామున లేచి పోయేటప్పుడు మళ్లీ లెక్కపెట్టి సరిచూసుకుంటారు. బూడిద రంగు మగవాటిని మసక వెలుతురులో కూడా పోల్చుకోవచ్చు. ఆడవీ పిల్లలూ గోధుమ రంగువే, తోక మొదట్లో తెల్లని పట్టీతో. పాలిడో మాంటేగూనో కూడా తేల్చలేక అన్నిటినీ 'రింగ్‌టెయిల్' అనే ఒకే గడిలో వేస్తారు. కాబట్టి బ్రౌన్ పుస్తకం డేగల గురించి చెప్పిన సంగతి, ఆ ఏడు పిల్లలు ఎన్ని అన్నది, గడ్డిబీటి లెక్కలో తేలదు. తేలేది మొత్తం ఎన్ని అన్నది ఒక్కటే.