నక్కవాగు కేసు

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు ఇప్పుడు మ్యూజియం. 2016లో 500 రూపాయలు కడితే ఒకరోజు ఖైదీగా ఉండనిచ్చారు కూడా. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగి ఆ జైలు చూడబోయేవాళ్లకు చట్టమంటే గోడ, తాళం. ఈ జిల్లాకు చట్టం అసలు రూపం చూపించింది మాత్రం పటాన్‌చెరు వైపున్న నక్కవాగు.

1970ల్లో పటాన్‌చెరులో పారిశ్రామికవాడ వెలిసింది. మందుల, రసాయనాల ఫ్యాక్టరీల మురుగు వాగులోకి, వాగు మంజీరలోకి. పారించిన మళ్లు చెడిపోయాయి, బావుల నీళ్లు రంగు మారాయి. నీటి కాలుష్య నివారణ చట్టం 1974దే. వాడలోని చాలా ఫ్యాక్టరీల కన్నా వయసులో అదే పెద్దది! అడిగేవాళ్లు లేక కాగితం మీదే ఉండిపోయింది.

అడిగినవాళ్లలో ముందున్నది పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు. తన దగ్గరికొచ్చే రోగాలకు మూలం నీళ్లలో ఉందని ఆయన పట్టుకున్నారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే రాజ్యాంగం 32వ అధికరణం కింద ఎవరైనా నేరుగా అక్కడికే పోవచ్చు. బతికే హక్కులో మంచినీళ్లూ భాగమే కదా.

అయితే ఎవరి మడి ఎంత చెడిందో ఢిల్లీ ధర్మాసనానికి ఎలా తెలుస్తుంది? అందుకే నష్టం లెక్కగట్టే పని సంగారెడ్డిలోని జిల్లా జడ్జికి వచ్చింది. నా లెక్కలో ఈ కేసు మొత్తంలో చట్టం మనిషికి అందినట్టు కనబడింది ఇక్కడే. పరిహారం అనే మాట ఊళ్లోకి వచ్చింది.

తర్వాతదంతా ప్రయాణం. 2001లో కేసు హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ. నడుమ 2007లో స్వీడన్ పరిశోధకులు ఓ సంగతి బయటపెట్టారు: పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ట్రిబ్యునల్ తీర్పు 2017 అక్టోబరు 24న వచ్చింది. ఇరవై ఏడేళ్లు! ఇంత ఆలస్యాన్ని న్యాయమనడానికి నాకు నోరు రాదు. కేసు వేయకుండా ఉండాల్సిందని అనడానికి అసలే రాదు.

మీ బోరు నీళ్లు వాసనొస్తే కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ రాసివ్వండి. నకలు మీద తేదీ ముద్ర వేయించుకోవడం మాత్రం మరవకండి. రేపు నష్టం లెక్కగట్టే జడ్జి ముందుగా అడిగేది ఆ తేదీనే.