అలైడ్ రేసులు (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్)

బ్లిజార్డ్ సంస్థ ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో, ఎక్కువగా పాత జాతులకు ఉపశాఖలుగానో దగ్గరి బంధువులుగానో వచ్చి చేరిన జాతులను అలైడ్ రేసులు అంటారు. 2004లో ఆట మొదలైనప్పుడు అలయన్స్, హోర్డ్ అనే రెండు పక్షాలకూ చెరో నాలుగు జాతులుండేవి. కొత్త జాతిని పూర్తిగా తయారుచేయాలంటే శరీరాకృతి, నడక, కవచాల అమరిక, ఆరంభ ప్రాంతం అన్నీ కొత్తగా కావాలి. అందుకే 2018 జనవరిలో వచ్చిన మొదటి నాలుగు రేసుల్లో పాత అస్థిపంజరాలనే వాడుకున్నారు. వాటిలో ఒకటైన హైమౌంటెన్ టారెన్ అంటే పాత టారెన్ జాతే. కొమ్ములు మాత్రం దుప్పి కొమ్ముల్లా కొమ్మలు వేసి ఉంటాయి. అన్నీ ఇలా పైపై మార్పులే అనుకోనక్కర్లేదు. 2019లో వచ్చిన భారీకాయులైన కుల్ టిరాన్లకు ప్రత్యేక ఆకృతి ఉంది. 2020లో వచ్చిన నక్క మొహపు వల్పెరాలు కోరినచోట గుడారం వేసుకుని, తర్వాత దూరం నుంచి కూడా అక్కడికే తిరిగి చేరగలరు.

మొదట్లో ఒక్కో రేసు తెరుచుకోవాలంటే సంబంధిత వర్గం దగ్గర ‘ఎగ్జాల్టెడ్’ అనే అత్యున్నత స్థాయి పేరు సంపాదించాల్సి వచ్చేది. ఆ చాకిరీ చాలామందికి విసుగు పుట్టించింది. 2020లో ఆ షరతు తీసేశారు.

అసలు పేచీ అలైడ్ రేసుల్లో ఒకటైన వాయిడ్ ఎల్ఫులతో వచ్చింది. అలయన్స్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి అడిగింది హై ఎల్ఫులను. చేతికొచ్చింది వాళ్ల నీలి ఛాయ దాయాదులైన వాయిడ్ ఎల్ఫులు. 2020లో వాయిడ్ ఎల్ఫులకు మామూలు చర్మపు రంగులు కూడా ఇచ్చారు.