పెకలించని తీగలు: బరోసా పాత ద్రాక్షతోటల చరిత్ర

దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్‌కు ఈశాన్యంగా ఉన్న బరోసా లోయలోనూ, దానిని ఆనుకొని ఎత్తున ఉన్న ఈడెన్ లోయలోనూ 19వ శతాబ్ది మధ్యకాలంలో నాటిన ద్రాక్షతీగలు కొన్ని నేటికీ కాపు కాస్తున్నాయి. ఇందుకు నేల సారాన్నీ వాతావరణాన్నీ కారణంగా చెప్పడం పరిపాటి అయినా, ఈ తోటల గతాన్ని పరిశీలిస్తే నేల కంటే చట్టమూ, లాభం లేని కాలంలో కూడా తోటను వదులుకోని కుటుంబాలూ వాటిని ఎక్కువగా కాపాడినట్లు తెలుస్తుంది.

ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం తన రాజ్యంలోని లూథరన్, రిఫార్మ్‌డ్ క్రైస్తవ సంఘాలను ఒకే ఆరాధనా పద్ధతి కిందికి తెచ్చినప్పుడు, అందుకు ఒప్పుకోని లూథరన్లు కొందరు పాస్టర్ కావెల్ వెంట, లండన్ వర్తకుడు జార్జ్ ఫైఫ్ ఆంగస్ ఆర్థిక సహాయంతో, 1838లో దక్షిణ ఆస్ట్రేలియాకు వలస వచ్చారు. 1842లో బరోసాలో వీరి బెథనీ గ్రామం వెలిసింది. ఈ వలసల క్రమంలోనే 1841లో వచ్చిన యోహాన్ క్రిస్టియన్ హెన్ష్కే, 1862లో కైనెటన్ వద్ద భూమి కొని, ఇతర సేద్యంతో పాటు ద్రాక్ష పెంచి, 1868లో తన వైన్‌ను తొలిసారి అమ్మకానికి పెట్టాడు. ఆ దాపునే గ్నాడెన్‌బర్గ్ లూథరన్ చర్చి ఎదుట, 1860 ప్రాంతంలో నికొలాస్ స్టానిట్స్కీ నాటిన షిరాజ్ తోట తర్వాతి కాలంలో హెన్ష్కే కుటుంబానికి చేరి, హిల్ ఆఫ్ గ్రేస్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. షిరాజ్ అంటే ఫ్రాన్సులో సిరా అని పిలిచే నల్లద్రాక్ష రకమే.

ఇదే కాలంలో ఐరోపాలోని తోటలను ఫైలోక్సెరా నాశనం చేయసాగింది. ఉత్తర అమెరికాకు చెందిన ఈ సూక్ష్మకీటకం, పేనుబంక జాతికి దగ్గరిది, వేళ్లను గుచ్చి రసం పీల్చుతుంది. ఆ గాయాల్లో కుళ్లు చేరి తీగ క్రమంగా ఎండిపోతుంది. దీనిని తట్టుకోగల అమెరికా జాతుల వేరుమొక్క మీద ఐరోపా రకాన్ని అంటు కట్టడమే చివరికి నిలిచిన పరిష్కారం కాబట్టి, ఐరోపాలో తోటలు దాదాపు అంతటా కొత్తగా నాటవలసి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఈ కీటకం 1877లో విక్టోరియాలోని గీలాంగ్ వద్ద బయటపడింది. పొరుగు ప్రాంతమైన దక్షిణ ఆస్ట్రేలియా తీగల రవాణాపై ఆంక్షలు పెట్టి, 1899లో ప్రత్యేక చట్టం చేసి, సాగుదార్ల చందాతో నడిచే బోర్డును ఏర్పరచింది. ఆ కట్టడి వల్ల అక్కడికి ఫైలోక్సెరా చేరలేదు. కనుకనే అక్కడి పాత తీగలు అంటు లేకుండా సొంత వేళ్ల మీదే నిలిచి ఉన్నాయి.

అయితే కీటకం తాకని తీగలకు మార్కెట్ ముప్పు తప్పలేదు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో బరోసా పంటలో అధికభాగం ద్రాక్ష స్పిరిట్ కలిపి ఘాటు పెంచే తీపి వైన్‌కే పోయేది. అప్పటికింకా గిరాకీ అంతగా లేని తీపి లేని ఎర్ర వైన్ వైపు తిరిగిన యోహాన్ వంశీకుడు సిరిల్ హెన్ష్కే 1952లో మౌంట్ ఎడెల్‌స్టోన్ అనే వైన్‌ను, 1958లో హిల్ ఆఫ్ గ్రేస్ వైన్‌ను ఒక్కొక్క తోట పండ్లతోనే తయారు చేశాడు. ఆ రోజుల్లో పలు తోటల పంట కలిపివేయడమే వాడుక గనుక ఇది సాహసమనే చెప్పాలి. 1980ల నడుమ ద్రాక్ష మిగులు పడినప్పుడు ప్రభుత్వమే సాగుదార్లకు సొమ్ము చెల్లించి తోటలు పెకలింపజేసింది. తక్కువ కాపు కాసే ముదురు తీగలే ఆ పథకానికి ముందుగా బలికావడం సహజం. నేడు గర్వకారణంగా చెప్పుకునే తోటలెన్నో ఆనాడు భారంగా లెక్కకు వచ్చాయన్న సంగతి ప్రచార పత్రాలలో అంతగా కనిపించదు.

పాత తీగ అనే మాటకు నిర్వచనం లేకపోవడంతో 2009లో బరోసా ఒక పట్టిక రూపొందించింది. దాని ప్రకారం 35 ఏళ్లు దాటినవి ముదురు తీగలు, 70 దాటినవి బతికి బట్టకట్టినవి, 100 దాటినవి శతాయువులు, 125 దాటినవి పూర్వీకులు. ఈలోగా, సిరిల్ కుమారుడు స్టీఫెన్ భార్య, వృక్షశాస్త్రం చదివిన ప్రూ హెన్ష్కే, హిల్ ఆఫ్ గ్రేస్‌లోని మేలైన తీగలను గుర్తించి, వాటి కొమ్మల నుంచి కొత్త మొక్కలు పెంచి నాటించే పని చేపట్టింది.