మెట్ట సీమలో మన సంఘము: దానము, పంక్తి

శతవార్షిక సంచికలో పెద్దల సేవను స్మరించునపుడు కట్టిన దేవాలయములను, పాఠశాలలను లెక్కించుట వాడుక. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు సంఘస్థులమైన మేము మరియొక ప్రశ్నను ముందుంచ దలచితిమి. మన సంఘము ఎవరిని చేర్చుకొన్నది? ఎట్లు చేర్చుకొన్నది?

వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తన తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేటను నిర్మించిన సంగతి అందరికి తెలిసినదే. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియై డెల్టా పచ్చబడెను గాని ఆ నీరు మన మెట్టకు ఎక్కలేదు. వాన, చెరువు, జొన్నచేను, ఇవే ఆధారము. ఆ చేలలో కూలి చేయు మాల, మాదిగ కుటుంబములు ఊరి వెలుపల పల్లెలలో బ్రతికిరి. ఊరి బావి వారిది కాదు, గుడి వారిది కాదు, బడియు వారిది కాదు.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరపున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు మచిలీపట్నం చేరిరి. 1843లో నోబుల్ దొరగారు పాఠశాల తెరచిరి. పై కులముల వారు ముందు క్రీస్తును అంగీకరించినచో వారి ద్వారా తక్కినవారికి సువార్త అందునని ఆయన తలంపు. అందువలన అంటరానివారనబడిన వారి పిల్లలకు ఆ బడిలో చోటు లేకపోయెను. ఈ సంగతి దాచనక్కరలేదు. ఆ బడిలో చదివి, ఇల్లు వాకిలి విడిచి బాప్తిస్మము పొందిన కొందరి త్యాగము గొప్పదే. కాని జనసమూహము సంఘములోనికి వచ్చినది ఆ తలుపు గుండా కాదు.

వచ్చినది నందిగామ దాపునగల రాఘవాపురము దారిన. ఆ ఊరి వెంకయ్య మాల కులస్థుడు, ఒకప్పుడు దొంగల ముఠాకు నాయకుడని చెప్పుదురు. విగ్రహములపై నమ్మిక పోయి, నిజమైన దేవుడెవరో తనకు కనబరచుమని ప్రార్థించుచుండెను. బెజవాడలోని డార్లింగ్ దొరగారి సంగతి విని తానే వెదకికొనుచు వెళ్లెను. 1859లో బాప్తిస్మము పొందెను. పిలుపు రాకమునుపే వచ్చిన ఆ మనిషి ఊరకుండక తన బంధువులను, ఇరుగుపొరుగు పల్లెలను పిలిచెను. మన ప్రాంతమున ఆతిథ్యము నేర్పినది గడపకు ఆవల నిలువబడిన వారే.

అటుపిమ్మట పల్లెలో ఉపదేశిగారు కాపురముండిరి. ఆయన ప్రార్థన నడిపిన పాకయే బడి. పగలు పశువులు కాచిన పిల్లలు రాత్రి దీపము వద్ద అక్షరములు దిద్దిరి. ఉత్తరము వ్రాయవలసినను, జబ్బుచేసినను, కరణముగారితో మాట్లాడవలసినను పల్లె ఆయన గుమ్మము తట్టెడిది. మన ఉపకార సేవకు ఆ పాకయే మొదటి ఆఫీసు.

1912లో దోర్నకల్ డయోసిస్ ఏర్పడి, వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి. కృష్ణా ప్రాంతపు సంఘములు పిదప ఆ డయోసిస్‌లో చేరెను. 1941 నాటికి దాని సభ్యులు రెండు లక్షలు దాటిరి. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన మిషనరీల త్యాగమును కొనియాడుచునే, వారివద్ద తమకు ఇంకను కావలసినది స్నేహమని ధైర్యముగా చెప్పిరి. ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద ఉన్నంతకాలము అది సహవాసము కాదని ఆయన ఎరుగుదురు. అందుచేతనే బీదవారును ఇయ్యవలెనని బోధించిరి. మాల, మాదిగ విశ్వాసులు వేరువేరుగా ఉండుటను ఆయన ఒప్పుకొనలేదు. ప్రభువు బల్ల ఒక్కటే, పాత్ర ఒక్కటే.

ఆ బోధ మన తల్లుల వంటయింటి వరకు వచ్చినది. అన్నము వండునపుడెల్ల పిడికెడు బియ్యము వేరు కుండలో వేసి ఆదివారము దేవాలయమునకు తెచ్చెడివారు. బియ్యము లేని ఇంట జొన్నలు. కోతపండుగనాడు తొలి పంట, కోడి, గుమ్మడికాయ, ఏది ఉన్న అది. వాటిని వేలము వేయగా వచ్చిన సొమ్ము సంఘ అవసరములకును బీదల సహాయమునకును వెళ్లెడిది. తీసికొనుటకు మాత్రమే తగినవారని లోకము ఎంచిన జనము ఇచ్చువారైరి. ఇంతకు మించిన ఉపకారము మరి లేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘములవారు ఒకటైరి. 2022లో మన నందిగామ, జగ్గయ్యపేటలు కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చెను. మిషనుల పేర్లు మారెను, జిల్లా పేరు మారెను. కాని పెండ్లి సంబంధము మాటాడునపుడును, సంఘ ఎన్నికలు వచ్చినపుడును ఏ పల్లె వారని అడుగు అలవాటు క్రైస్తవ సమాజమున ఇంకను పోలేదు. క్రిస్మసుకు చీరలు, దుప్పట్లు పంచుట తేలిక. ప్రేమవిందులో క్రొత్తగా వచ్చిన వానిని మన ప్రక్క కూర్చుండబెట్టుకొని, వాని ఇంటికి భోజనమునకు వెళ్లుట కష్టము. సంఘమును తూచు త్రాసు ఈ రెండవదే.

వెంకయ్య నేడు మన గుమ్మము వద్దకు వచ్చినచో అతనికి కానుకల సంచి ఇచ్చి పంపుదుమా, పంక్తిలో చోటిత్తుమా? ఈ ప్రశ్నను ప్రతి సంఘమును ప్రార్థనాపూర్వకముగా తలపోయునుగాక. చేర్చుకొన్న ప్రభువునకే మహిమ కలుగును గాక.