పుంజం, అంగుళం, నంబరు: తెలుగునాట పత్తి సభలు – సాగుదారు స్థానం

1. ప్రవేశిక

1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభలను తలచుకున్నప్పుడు తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది సభ కాదు, సభకు అనుబంధంగా ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శన ద్వారం. ఆ ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలిచిన పద్నాలుగేళ్ల బాలిక, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు మందలించినా తనకు అప్పగించిన పని తాను చేశానని చెప్పింది. టిక్కెట్టు తెచ్చి ఇచ్చిన తరువాతే ఆయనను అనుమతించింది. ఆ బాలికే తరువాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్. పాఠ్యపుస్తకాలకు, రేడియో ప్రసంగాలకు ఎక్కిన ఈ ఘట్టం మనల్ని ద్వారం దగ్గరే నిలిపివేసింది. లోపల పరిచిన గుడ్డకు మూలమైన పత్తి ఎవరి చేలోది, ఆ పత్తిని మంచిదనో చెడ్డదనో నిర్ణయించే కొలత ఎవరిది అన్న ప్రశ్నలు టిక్కెట్టు కథ వెనుక మరుగునపడ్డాయి.

పత్తి పరిశ్రమ సదస్సులు, వాణిజ్య ప్రదర్శనలు నేడు తెలుగు రాష్ట్రాలలో తరచుగా జరుగుతున్నాయి. ఆహ్వాన పత్రికలలో ‘రైతు సోదరులకు’ అన్న సంబోధన తప్పనిసరిగా ఉంటుంది. కానీ పత్తి నాణ్యతను చెప్పే కొలత ఏ సభలోనూ రైతు చేతిలో పుట్టలేదు. ఒకప్పుడు అది మగ్గం వద్ద, తరువాత మిల్లులో, కొంతకాలం రాట్నం వద్ద పుట్టింది. ఈ మూడు కొలతలను ఆధారం చేసుకొని, పత్తి చుట్టూ జరిగిన సమావేశాలలో సాగుదారు ఎక్కడ ఉన్నాడో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పుంజం

ఉక్కునగరంగా పేరుపడిన విశాఖపట్నం అంతకుముందు గుడ్డల రేవు. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పింది ఉక్కు కోసమూ కాదు, ఖనిజం కోసమూ కాదు, నేతగుడ్డ కోసం. విశాఖతో పాటు ఇంజరం, మాధవపాలెం స్థావరాలకు కూడా గుడ్డే ప్రాణం. ఈ తీరంలో గుడ్డను లెక్కించిన మాట ‘పుంజం’. పడుగులో 120 పోగులు ఒక పుంజం. పద్నాలుగు పుంజాల గుడ్డ అంటే 1,680 పోగుల పడుగు. నలభై పుంజాల గుడ్డ అంటే 4,800 పోగుల పడుగు. ఒకే వెడల్పులో పుంజాలు పెరిగేకొద్దీ నూలు సన్నబడాలి, నేత దట్టం కావాలి, ధర పెరగాలి. ఇంగ్లీషు వర్తకులు తమ చిట్టాలలో ఈ మాటను అనువదించుకోలేదు. ‘పంజం’ అని పలికి అలాగే రాసుకున్నారు.

ఇది చిన్న విషయం కాదు. కొనేవాడు అమ్మేవాడి కొలతను అంగీకరించాడు. అంతమాత్రాన నేతగాడికి న్యాయం జరిగిందని భావించరాదు. ముందస్తు సొమ్ము ఇచ్చి అప్పులో బిగించడం, నెరసులు చూపి గుడ్డను తిప్పిపంపడం, ధర కోయడం కంపెనీ వర్తకంలో నిత్యకృత్యాలే. అయినా పుంజాలు ఎన్నో లెక్కపెట్టగల నేర్పు నేతగాడికి ఉంది కనుక, అతడు వాదించగలిగాడు. ఇదే కాలంలో పత్తి పండించినవాడు ఈ బేరంలో ఎక్కడా కనబడడు. తీరానికి కావలసిన పత్తిలో పెద్దభాగం దక్కను, బీరారు ప్రాంతాల నుంచి బంజారాల ఎద్దుల మీద వచ్చేది. కొండలు దాటి వచ్చిన సరుకుకు చేను ఉండదు, బరువు మాత్రమే ఉంటుంది.

1833 చార్టరు చట్టంతో కంపెనీ వర్తకం ముగిసింది. అప్పటికే లాంకషైర్ మిల్లుగుడ్డ ఈ రేవులలో దిగుతున్నది. పుంజం నేతవారి ఇళ్లలో మిగిలింది కానీ వర్తకుల పుస్తకాలలో దాని అవసరం తీరిపోయింది. ఇక ఇక్కడి నుంచి బయటి దేశాలవారికి కావలసింది గుడ్డ కాదు, దూది.

3. రేవు పేరు పెట్టుకున్న పత్తి

1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్‌కు పత్తి రాక నిలిచినప్పుడు కాకినాడ రేవు దశ తిరిగింది. గోదావరి, కృష్ణా ఆనకట్టల కాలువలు అప్పటికే పడవలకు దారి ఇచ్చాయి. కృష్ణా, గుంటూరు నల్లరేగడి నేలల పత్తి కాకినాడ చేరి ఓడలెక్కింది. ఎరుపు, గోధుమ వన్నెలు కలిసిన ఆ దేశవాళీ పత్తికి ప్రపంచ విపణిలో ‘కొకనాడాస్’ అన్న పేరు స్థిరపడింది. కాకినాడ చుట్టుపక్కల పండినందువల్ల కాదు, కాకినాడలో ఓడ ఎక్కినందువల్ల. నంద్యాల, కర్నూలు ప్రాంతాల పత్తి ‘నార్తర్న్స్’. బళ్ళారి, అనంతపురం వైపుది ‘వెస్టర్న్స్’. ఈ ఉత్తరం, ఈ పడమర రైతు నిలబడ్డ చోటునుంచి చూసినవి కావని వేరే చెప్పనక్కరలేదు. మన నిఘంటుకారులు పంటల పేర్లను సేకరించేటప్పుడు ఇటువంటి వాణిజ్యనామాలను పక్కన పెడతారు. కానీ పంటకు పేరుపెట్టే అధికారం ఎప్పుడు చేతులు మారిందో చెప్పే సాక్ష్యం వీటిలోనే ఉంది.

ఈ దశలో వచ్చిన కొత్త కొలత అంగుళం. దూదిపోగు పొడవును అంగుళంలో భాగాలుగా చెప్పడం మిల్లు యంత్రానికి అవసరం. పొడవైన పోగు తెగకుండా సన్ననూలుగా సాగుతుంది. పొట్టిపోగు ముతకనూలుకే పనికొస్తుంది. యంత్రం విషయంలో ఇది నిజమే. ఈ నిజాన్ని పత్తి స్వభావం మీదనే తీర్పుగా మార్చడం వేరు సంగతి. 1917లో జేమ్స్ మకెన్నా అధ్యక్షతన ప్రభుత్వం నియమించిన ఇండియన్ కాటన్ కమిటీ ముందున్న ముఖ్యప్రశ్న పొడవుపోగు పత్తి సాగును ఈ దేశంలో ఎలా పెంచాలన్నదే. 1919లో ఆ కమిటీ నివేదిక వెలువడింది. 1921లో ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ ఏర్పడింది. 1923లో పత్తి సుంకం చట్టం దానికి శాశ్వత రూపాన్ని, నిధులను ఇచ్చింది. వ్యవసాయ శాఖల అధికారులు, వర్తకులు, జిన్నింగు, స్పిన్నింగు యజమానులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఏర్పాటు ఇది. నేటి పత్తి సదస్సులకు అసలు పూర్వరూపం ఇక్కడ వెదకాలి. సాగుదారుల ప్రతినిధులకూ ఇందులో చోటు ఉంది. అయితే ఆ ప్రతినిధులను ఎంచి పంపినది సాగుదారులు కాదు, ప్రభుత్వం.

4. 1923: ఒక ఏడు, రెండు సంస్థలు

అదే 1923లో, దేశీ పత్తికి తన పేరు అరువిచ్చిన కాకినాడలోనే, కాంగ్రెస్ అఖిల భారత ఖాదీ బోర్డును ఏర్పాటు చేసింది. జమ్నాలాల్ బజాజ్ దానికి అధ్యక్షుడు. గాంధీజీ అప్పటికి ఎరవాడ చెరలో ఉన్నాడు. మౌలానా మహమ్మద్ అలీ మహాసభాధ్యక్షుడు. రెండేళ్ల ముందు బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశం ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని లక్ష్యం పెట్టింది. రాట్నాల సంఖ్య నిర్ణయించారు గానీ అన్ని రాట్నాలకు ఏ పత్తి, ఎవరి పత్తి అన్నది తీర్మానంలోకి రాలేదు.

బెజవాడ సమావేశానికి పతాక నమూనా తెచ్చిన పింగళి వెంకయ్యను ఆనాటివారు ‘పత్తి వెంకయ్య’ అని కూడా పిలిచేవారు. కంబోడియా పత్తి మీద ఆయన చేసిన కృషి ఆ పేరు తెచ్చింది. పత్తిని గుడ్డగా కాక పైరుగా ఎరిగినవాడు ఆ ఉద్యమంలో ఒకడున్నాడన్నమాట. మనం ఆయనను జెండాకే పరిమితం చేశాం.

ఖాదీ తెచ్చిన కొలత ‘నంబరు’. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని తూగుతాయో అదే నూలు నంబరు. ఇది కూడా మిల్లు నుంచి వచ్చిన లెక్కే. కానీ మిల్లు వేసిన తీర్పును ఈ లెక్కతోనే తిరగదోడిన ఊరు ఒకటి ఉంది. అది నేటి శ్రీకాకుళం జిల్లా పొందూరు.

5. పొందూరు

పొందూరులో వాడినవి కొండపత్తి, పునాసపత్తి. రెండూ దేశవాళీలే, రెండూ పొట్టిపోగువే. అంగుళం లెక్కలో ఇవి ముతక సరుకు. ఈ పత్తితోనే పొందూరు స్త్రీలు నూరో నంబరు నూలు వడికారు. నూరో నంబరు అంటే పౌను బరువులో 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్ల దారం. ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే పని తీరు చూడాలి.

గింజ తీయకముందే పత్తిని వాలుగచేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని, దట్టమైన పళ్లు ఆకుపొట్టునూ నలుసునూ తీసివేయడమే గాక పోగులన్నిటినీ ఒకే దిక్కుకు వాలుస్తాయి. అప్పుడు కర్రపీట మీద ఇనుపకడ్డీతో దొర్లించి గింజను విడదీస్తారు. చిన్న వింటితో ఏకి, మెత్తనైన దూదిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటిమట్టలో భద్రపరుస్తారు. ఆపైన ఒంటికదురు రాట్నం. మిల్లుకు పోయే పత్తి ముందు బేలుగా అణగాలి, మళ్లీ యంత్రపు ముళ్ల మీద విచ్చుకోవాలి. ఆ రాపిడికి తట్టుకోవడానికే పొడవైన పోగు కావాలి. పొందూరులో ఆ అణచివేత లేదు. పోగు సన్నదనాన్ని చేయి కాపాడుతుంది కనుక పొడవు లేని లోటు కనబడదు. అంటే, పొట్టిపోగు దోషం పత్తిలో లేదు, దానిని పరీక్షించిన యంత్రంలో ఉంది. (‘ఏకు మేకైంది’ అన్న సామెత తరగతిలో చెబితే ఏకు అంటే ఏమిటని అడిగే విద్యార్థులే నేడు ఎక్కువ. వస్తువు పోతే సామెత కుంటుతుంది.)

పొందూరు కీర్తిని గురించి చాలామంది రాశారు. వారందరూ వడికే స్త్రీల వేళ్లను, నేసే పట్టుసాలీల నేర్పును, చేపదవడ వింతను వర్ణించారు. కొండపత్తి పండించిన రైతు మాత్రం ఆ వర్ణనలలో ఒక వాక్యానికి మించడు. 1949లో అక్కడ ఏర్పడిన సంస్థ పేరు ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. పేరులో కార్మికుడు ఉన్నాడు. రైతు లేడు. ఇది సంఘం మీద నింద కాదు. ఖాదీ ఆలోచన మొత్తం మీద ఉన్న వెలితి. వడికేవారికి బతకగలిగే కూలి ఇవ్వాలని అఖిల భారత చరఖా సంఘం 1935లో పూనుకున్నప్పుడు పెద్ద చర్చే జరిగింది. దేశవాళీ పత్తి పండించేవాడికి గిట్టుబాటు గురించి అంతటి చర్చ జరగలేదు. ఫలితం నేడు పొందూరులో కనిపిస్తుంది. చేతులు కరవు కావడమే గాక పత్తి కూడా కరవవుతున్నది. మార్కెట్‌యార్డులో ధర పలకని పంటను, ఒక ఊరి రాట్నాల కోసమే వేయమని ఏ రైతును అడగగలం?

6. కొనుగోలు కేంద్రం

స్వాతంత్ర్యం తరువాత అంగుళం మిల్లీమీటరుగా మారింది కానీ దాని పెత్తనం మారలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత సంకర విత్తనాలు దాదాపు మొత్తం విస్తీర్ణాన్ని ఆక్రమించాయి. కొకనాడాస్ వంటి దేశవాళీలు చేలను విడిచి పరిశోధనా కేంద్రాల విత్తన భాండాగారాలకు చేరాయి. మద్దతు ధర ప్రకటనలో ప్రధానంగా రెండు వరుసలుంటాయి: మధ్యస్థపు పింజ, పొడవు పింజ. 2025–26 కాలానికి క్వింటాలుకు మొదటిదానికి 7,710 రూపాయలు, రెండవదానికి 8,110 రూపాయలు. దానికి తోడు తేమ. ఎనిమిది శాతం వరకు పూర్తి ధర, పన్నెండు శాతం దాకా కోతతో కొనుగోలు, ఆపైన తిరస్కారం. నలభై పుంజాల గుడ్డ తెచ్చిన నేతగాడు తన గుడ్డలో పోగులను తానే లెక్కపెట్టి చూపగలిగాడు. పత్తి తెచ్చిన రైతు తేమ మీటరు చూపే అంకెతో ఏమని వాదించగలడు? రాత్రి కురిసిన మంచుకు అతడు జవాబుదారీ అవుతున్నాడు.

సదస్సులలో ప్రదర్శించే కొత్త విత్తనం, కొత్త యంత్రం, కొత్త యాప్ అన్నీ ఈ కొలతకు పంటను సరిపెట్టడానికి ఉద్దేశించినవే. కొలతను పంటకు సరిపెట్టే చర్చ ఆ వేదికల మీద జరగడం అరుదు. చరిత్రకారులు ఈ సభలను వాటి తీర్మానాల ద్వారా, అధ్యక్షోపన్యాసాల ద్వారా చదువుతూ వచ్చారు. పుంజం, పింజ, నంబరు, తేమ అన్న మాటల ద్వారా చదివితే వేరొక చరిత్ర కనిపిస్తుంది. ఆ పని తెలుగు శాఖలు చేయదగినది. నేతపదాల సేకరణకు మన పరిశోధనలో ఒక సంప్రదాయం ఉంది. పత్తి చేనిలో, యార్డులో, జిన్నింగు మిల్లులో రైతులు, హమాలీలు, దళారులు వాడే మాటలను అదే శ్రద్ధతో సేకరించవలసి ఉన్నది. గుంటూరు, ఆదోని యార్డులలో చిటికెడు దూదిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సాగదీసి పింజను అంచనా వేసే పాత తూకందారులు ఇంకా కొందరు ఉన్నారు. ఆ వేళ్ల కదలికకు వారు పెట్టుకున్న పేర్లు యంత్రపరీక్ష నివేదికలలో ఉండవు.